ప్యూర్టో వయార్టాలో ఊరివాళ్లు తినే చోటు పట్టుకోవడం ఎలా?

ఫ్రిస్కో_వేపచెట్టు
గత మార్చిలో పిల్లల సెలవులకు మెక్సికో పసిఫిక్ తీరంలోని ప్యూర్టో వయార్టా వెళ్లి ఐదు రోజులు ఉన్నాము. సముద్రానికి, కొండలకు, గాలికి వంక పెట్టడానికి ఏమీ లేదు. నా ఫిర్యాదంతా తిండి గురించే. మలెకోన్ అనే సముద్రపు ఒడ్డు నడకదారి పొడవునా, లోస్ మ్వెర్తోస్ బీచ్ ఇసుకలోనూ, ఇంటర్నెట్ సమీక్షల్లో నాలుగున్నర నక్షత్రాలకు తగ్గని హోటళ్లనే ఏరుకుని వెళ్లాను. ప్రతిచోటా అదే మెనూ, అవే రొయ్యలు, అదే చప్పటి సల్సా. డల్లాస్‌లో మా వీధి చివర దొరికే టాకోకూ దానికీ తేడా కనబడలేదు, ఖర్చు మాత్రం అంతకన్నా ఎక్కువే అయింది. చివరి రెండు రోజులు పట్టుదలగా లోపలి వీధుల్లోకి వెళ్లాను. బిర్రియా అనే మసాలా మాంసం కూర బాగుంటుందని ఎవరో చెప్పిన దుకాణానికి రాత్రి ఏడు గంటలకు వెళ్తే షట్టరు దించి ఉంది. మరునాడు చేపల హోటలుకు సాయంత్రం ఆరున్నరకు వెళ్తే కుర్చీలు బల్లల మీదికి ఎక్కించి నేల కడుగుతున్నారు.

ఈ డిసెంబరులో మళ్లీ వెళ్తున్నాము. ఈసారి మా అత్తగారు, మామగారు కూడా వస్తున్నారు. అత్తగారు పూర్తి శాకాహారి. మామగారు చేప, కోడి, మేక తింటారు కానీ గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టరు. నాకు హోటళ్ల పేర్ల జాబితా వద్దు, ఆ జాబితాలు పట్టుకునే ఒకసారి మోసపోయాను. వెతికే పద్ధతి తెలిసినవారు చెప్పండి.

గ్వాదలహారా_గోంగూర
మీరు వెళ్లిన రెండు చోట్లూ మంచివే అయి ఉండవచ్చు, వెళ్లిన వేళ మాత్రం రెండుసార్లూ తప్పింది. నేను ఆరేళ్లుగా గ్వాదలహారాలో ఉద్యోగం చేస్తున్నాను. హైదరాబాదువాళ్లకు సూర్యలంక ఎలాగో ఇక్కడివాళ్లకు వయార్టా అలాగ, సెలవు కలిసొస్తే చాలు కుటుంబంతో కారెక్కేస్తారు. వాళ్ల వెంట తిరిగి నేర్చుకున్నదేమిటంటే, ఈ రెండు ఊళ్లూ ఉన్న హాలిస్కో రాష్ట్రంలో ప్రతి వంటకూ ఒక వేళ ఉంది, ఆ వేళ దాటితే అది దొరకదు, దొరికినా బాగుండదు.

బిర్రియా గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికి తెల్లవారేసరికి సిద్ధమవుతుంది, కాబట్టి అది పొద్దుటి తిండి. మధ్యాహ్నానికి కుండ ఖాళీ అయిందంటే దుకాణం కట్టేస్తారు. ‘మరీస్కోస్’ అని బోర్డు ఉన్న చేపల, రొయ్యల హోటళ్లు పదకొండుకో పన్నెండుకో తెరిచి సాయంత్రం ఐదారు గంటలకల్లా మూసేస్తారు. పొద్దున వచ్చిన సరుకు ఆ పూటకే చెల్లిపోవాలన్నది వాళ్ల లెక్క. ఇంటి భోజనం లాంటిది కావాలంటే ఒంటిగంట నుంచి నాలుగు గంటల మధ్య ‘ఫోండా’ అనే చిన్న పూటకూళ్ల ఇంటికి వెళ్లాలి. అక్కడ సూపు, అన్నం, ఒక కూర, తోర్తీయాలనే పలుచని రొట్టెలు, ఒక గ్లాసు పానీయం కలిపి ఒకే ధరకు పెడతారు, దానినే ‘కొమీదా కొర్రీదా’ అంటారు. నిలువు ఊచకు పంది మాంసం పేర్చి, మంట పక్కన తిప్పుతూ, చివర అనాసపండు ముక్క కోసి వేసే అల్ పాస్టోర్ టాకోలు చీకటి పడ్డాకే మొదలై అర్ధరాత్రి దాటేదాకా నడుస్తాయి. రాత్రిపూట కూర్చుని తినాలంటే ‘సెనదురీయా’ అన్న బోర్డు కోసం చూడండి. లావుపాటి మొక్కజొన్న గింజల పోసోలే, సోపేలు, ఎంచిలాదాలు అక్కడి వంటలు.

రాత్రి ఏడింటికి బిర్రియా అడగడమంటే, పూటకూళ్ల ఇంటికి అర్ధరాత్రి వెళ్లి విస్తరి వేయమన్నట్టే.

ఉప్పుచేప_పప్పుచారు
పైన చెప్పిన వేళల మాట అక్షరాలా నిజం. దానికి ఒక హెచ్చరిక కలుపుతాను. శని, ఆదివారాల్లో పొద్దున్నే పెద్ద గిన్నె చుట్టూ జనం మూగి ఉంటే అది ‘మెనూదో’ కావచ్చు. చూడడానికి మన బోటి పులుసులాగే ఉంటుంది కానీ అది గొడ్డు పొట్టతో చేస్తారు, మామగారికి పనికిరాదు.

ఎండుమిర్చి
వేపచెట్టు గారు, మార్చిలో మీరు తిన్న రొయ్యలు గడ్డకట్టించినవో చెరువువో అయి ఉండవచ్చు. మెక్సికో పసిఫిక్ తీరంలో సముద్రపు రొయ్య వేటకు ప్రతి ఏటా నిషేధ కాలం ఉంటుంది, సుమారుగా వసంతం నుంచి వేసవి చివరిదాకా. డిసెంబరులో వెళ్తున్నారు కాబట్టి ఈసారి ఆ దిగులు లేదు.

లెక్కల_మాస్టారు
నక్షత్రాలను తిట్టడం కన్నా వాటిని చదవడం నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం. మీరు ఇంగ్లీషులో ‘ఉత్తమ రెస్టారెంట్లు’ అని వెతికి ఉంటారు, ఇంగ్లీషులో వెతికినవాళ్లు రాసిన మాటలే మీ కంట పడి ఉంటాయి. స్పానిష్ మాట ఒక్కటి, ‘బిర్రియా’ అనో ‘మరీస్కోస్’ అనో ‘ఫోండా’ అనో ‘సెనదురీయా’ అనో కొట్టి, మ్యాపును సముద్రం నుంచి పది వీధులు లోపలికి జరిపి వెతకండి. సమీక్షలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, వాటిలో ఎన్ని స్పానిష్‌లో ఉన్నాయో చూడండి. ఏ గంటకు ఎంత రద్దీ ఉంటుందో చూపే గీతలు కింద ఉంటాయి. ఒక మరీస్కోస్ హోటలుకు మధ్యాహ్నం మూడింటి గీత అన్నిటికన్నా ఎత్తుగా ఉంటే అక్కడ మెక్సికో కుటుంబాలు తింటున్నాయని అర్థం, రాత్రి ఏడింటి గీత ఎత్తుగా ఉంటే తినేవాళ్లు మనలాంటివాళ్లే. నేను నక్షత్రాలకన్నా ఈ గీతలనే నమ్ముతాను.

బీచ్‌రోడ్డు_బాబాయి
అందరూ కలిసి బీచ్ హోటళ్లను మరీ చులకన చేస్తున్నారు. పొద్దు వాలే వేళ బండేరాస్ అఖాతం మీద ఆకాశం ఎర్రబడుతుంటే కాళ్లు ఇసుకలో పెట్టుకుని కూర్చోవడానికి కూడా విలువ ఉంది, ఆ డబ్బు చేపకు కాదు, కుర్చీకి ఇచ్చామనుకుంటే బాధ ఉండదు. నేను అక్కడ కొబ్బరి నీళ్లు మాత్రం తాగి, భోజనానికి వేరే చోటుకు వెళ్తాను.

ఉప్పుచేప_పప్పుచారు
బాబాయి గారు విశాఖ మనిషి కాబట్టి అడుగుతున్నాను. బీచ్ రోడ్డులో బజ్జీలు తిని ‘విశాఖ చేపల పులుసు రుచి చూశాను’ అని ఎవరైనా అంటే మీరు ఊరుకుంటారా?

బీచ్‌రోడ్డు_బాబాయి
ఊరుకోను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, కుర్చీ మాట మాత్రం తీసుకోను.

బీచ్ గురించే ఇంకొక మాట. లోస్ మ్వెర్తోస్ ఇసుకలో చేపను పుల్లకు గుచ్చి కాల్చి అమ్మేవాళ్లు తిరుగుతుంటారు, దానిని ‘పెస్కాదో ఎంబరసాదో’ అంటారు. ఎంబరసాదో అంటే గర్భం దాల్చినది అని అర్థం వస్తుంది కాబట్టి మా ఆవిడ భయపడి వద్దంది. ‘ఎన్ వారా అసాదో’, అంటే పుల్లకు గుచ్చి కాల్చినది అన్న మాటను సరదాగా అలా కలిపేశారని తరువాత ఒకాయన చెప్పాడు. నిమ్మకాయ పిండి, సల్సా చల్లి ఇచ్చాడు, మొత్తం ప్రయాణంలో బీచ్ మీద తిన్నవాటిలో అదొక్కటే గుర్తుంది.

మాటవరసకి
నాకు ఈ ‘స్థానికులు తినే చోటు’ అన్న మాట మీదే అనుమానం. వయార్టాలో పుట్టి పెరిగిన నా సహోద్యోగిని మంచి చోటు చెప్పమంటే సుషీ దుకాణం చెప్పాడు, లోపల క్రీమ్ చీజ్ పెట్టి వేయించిన సుషీ. అతనికి అదే ఇష్టం. స్థానికులు తినేదంతా మంచిదే అయితే మన ఊళ్లో ప్రతి నూడుల్స్ బండీ తీర్థయాత్రా స్థలమే కావాలి. ‘ఎక్కడ తింటావు’ అని కాకుండా ‘మీ అమ్మగారిని ఆదివారం ఎక్కడికి తీసుకెళ్తావు’ అని అడిగితే అతను వేరే జవాబు చెప్పాడు, ఆ జవాబు మాత్రం అద్భుతంగా ఉంది.

గ్వాదలహారా_గోంగూర
మాటవరసకి గారి ప్రశ్న నేను కూడా వాడుకుంటాను. నాది ఇంకొకటి ఉంది, మీరు దిగిన చోట గదులు శుభ్రం చేసేవాళ్లను అడగండి, ముందు బల్ల (రిసెప్షన్) దగ్గర కూర్చున్నవాళ్లను కాదు. ముందు బల్లవాళ్లు మీకు ఏది నచ్చుతుందో ఊహించి చెబుతారు, శుభ్రం చేసేవాళ్లు తమకు నచ్చింది చెబుతారు. విమానాశ్రయంలో బయటికి వచ్చే దారిలో టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు వాడుకునే రిసార్టు గదుల వాటా) అమ్మేవాళ్లు నవ్వుతూ ఎదురొచ్చి హోటళ్లు సిఫారసు చేస్తారు, వాళ్ల మాట మాత్రం వినకండి. అక్కడినుంచి బయటపడి రోడ్డు మీది పాదచారుల వంతెన దాటితే పొగబెట్టిన మార్లిన్ చేపను తోర్తీయాలో చుట్టి బురీతోలు చేసే దుకాణం ఉంది. సామాను చేతిలో ఉండగానే తినదగిన మొదటి తిండి అది.

హ్యూస్టన్_చిన్నమ్మ
టాక్సీవాళ్ల సలహా కూడా అంతే. ‘మంచి చేప ఎక్కడ’ అంటే ఒకాయన ఊరి బయటి పెద్ద హోటలుకు తీసుకెళ్లి, మేము తిని వచ్చేదాకా బయటే నవ్వుతూ నిలబడ్డాడు. అక్కడ చేపను కిలోల లెక్కన అమ్ముతారని మాకు తెలియదు, తూకం వేసి చూపించమని అడగలేదు. నలుగురికి సరిపోతుందన్న చేప బిల్లులో రెండు కిలోల పైచిలుకు అయి కూర్చుంది. బిల్లులో సర్వీసు ముందే కలిపి ఉంది, కార్డు యంత్రం మళ్లీ టిప్పు అడిగింది, మావారు చూసుకోకుండా నొక్కేశారు.

లెక్కల_మాస్టారు
చిన్నమ్మ గారి అనుభవం నుంచి నాలుగు మాటలు. మెక్సికోలో మెనూ ధరలో 16 శాతం అమ్మకపు పన్ను కలిసే ఉంటుంది, బిల్లు మీద దాన్ని మళ్లీ వేయకూడదు. టిప్పు చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా కూర్చుని తిన్న చోట పది నుంచి పదిహేను శాతం ఇవ్వడం మర్యాద. డాలర్లలో ధర రాసిన మెనూ ఇస్తే పెసోల మెనూ అడగండి. డాలరుకు ఎన్ని పెసోలన్నది మారుతూ ఉంటుంది, వాళ్లు తమకు అనువైన అంకె వేసుకుంటారు. మీరు అడగనిదే బిల్లు తేవడం అక్కడ అమర్యాద, వెయిటరు మిమ్మల్ని మరిచిపోయాడని కోపగించుకోకుండా ‘లా క్వెంతా, పోర్ ఫవోర్’ అనండి. వీధి దుకాణాలకు మాత్రం చిల్లర నోట్లు ఉంచుకోవాలి.

ఫ్రిస్కో_వేపచెట్టు
గీతలు చూడాలన్న ఆలోచన నాకు ఎప్పుడూ తట్టలేదు. మార్చిలో నేను వెళ్లిన హోటళ్లన్నిటికీ ఇప్పుడు చూస్తే రాత్రి ఏడింటి గీతే ఎత్తుగా ఉంది, మాస్టారు గారి లెక్క నా మీద సరిగ్గా సరిపోయింది. ఏ పేటలో వెతకాలో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

గ్వాదలహారా_గోంగూర
ఊరి మధ్యలో క్వాలే నది సముద్రంలో కలుస్తుంది. దానికి దక్షిణాన ఉన్నది పర్యాటకులు రొమాంటిక్ జోన్ అనే ఎమిలియానో సపాతా పేట. అక్కడ బసీలియో బదీయో వీధి పొడవునా హోటళ్లే, ఎక్కువ ధరలవే, అయినా సాయంత్రం వేళ వరుస కట్టించే పాస్టోర్ దుకాణం లాంటివి అక్కడా ఉన్నాయి కాబట్టి ఆ పేటను పూర్తిగా కొట్టిపారేయను. నది ఒడ్డున మునిసిపల్ మార్కెట్లో కింద బొమ్మలు, టీషర్టులు అమ్మి మనుషుల్ని విసిగిస్తారు, మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్తే వరుసగా చిన్న వంటిళ్లు ఉంటాయి. మలెకోన్‌కు ఉత్తరాన సింకో దె దిసియెంబ్రే పేట నడకదూరమే, అక్కడ ఇప్పటికీ ఊరివాళ్ల దుకాణాలు మిగిలి ఉన్నాయి. హోటల్ జోన్ వెనకాల వెర్సాయెస్ అనే పేట గత కొన్నేళ్లలో వంటవాళ్ల పేటగా మారింది. వంట బాగానే ఉంటుంది కానీ ఏటేటా ధరలూ అలంకారాలూ పెరుగుతున్నాయి.

నన్నడిగితే పితియాల్‌కు వెళ్లండి. అది ఒకప్పుడు విడి ఊరు, ఇప్పుడు వయార్టాలో కలిసిపోయింది. దానికి సొంత చర్చి, సొంత చౌరస్తా ఉన్నాయి, బస్సు అద్దం మీద పేరు రాసి ఉంటుంది. చౌరస్తా చుట్టూ రెండు వీధులు ఊరికే నడవండి చాలు.

మాటవరసకి
వెర్సాయెస్ మీద అంత చిన్నచూపు అక్కర్లేదు. నేను తిన్న అతి మంచి ఆగ్వాచీలే అక్కడిదే. పచ్చి రొయ్యలను నిమ్మరసం, పచ్చిమిర్చి నూరిన నీళ్లలో వేసి అప్పటికప్పుడు ఇస్తారు. పెద్దవాళ్లకు పచ్చి రొయ్య పెట్టవద్దు, మీరు మాత్రం తినండి.

కొత్తావకాయ
కారం గురించి నా పరాభవం కూడా నమోదు కావాలి. గుంటూరు మనిషినన్న ధీమాతో, వద్దు వద్దని దుకాణదారు చెయ్యి ఊపుతున్నా, నారింజ రంగులో ఉన్న సల్సాను రెండు చెంచాలు పోసుకున్నాను. అది అబనేరో మిరపకాయలది. పది నిమిషాల పాటు నాకు తెలుగు కూడా రాలేదు. మిరపకాయ పుట్టిల్లు మెక్సికో అనీ, పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మనం మిరియాలతో కాలక్షేపం చేశామనీ ఆ పది నిమిషాల తరువాత గుర్తొచ్చింది.

సగం_శాకాహారి
అత్తగారి గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు, అసలు కష్టం అక్కడే ఉంది. ‘సిన్ కార్నే’ అంటే మాంసం లేకుండా అని మనం అనుకుంటాం, కానీ చాలామందికి కార్నే అంటే గొడ్డు మాంసం ఒక్కటే, కోడి ముక్కలు చల్లి ఎంతో ప్రేమగా తెచ్చిపెడతారు. ‘నో కోమే కార్నే, ని పోయో, ని పెస్కాదో’, అంటే ఆవిడ మాంసం, కోడి, చేప ఏదీ తినదని విడివిడిగా చెప్పాలి. అంతటితో కూడా అయిపోదు. వేయించి మెదిపిన చిక్కుడు గింజల ముద్దలో పంది కొవ్వు, అంటే ‘మంతేకా’ వేయడం మామూలు, ఎర్రటి అన్నం కోడి రసంతోనో కోడి పొడితోనో వండుతారు. మైదా తోర్తీయాలో కూడా కొవ్వు ఉండవచ్చు. మొక్కజొన్న తోర్తీయాలో మాత్రం సున్నపునీటిలో ఉడికించిన మొక్కజొన్న తప్ప వేరే ఏమీ ఉండదు కాబట్టి దానిని నమ్ముకోవచ్చు.

అడగవలసినవి ఏమిటంటే, పొబ్లానో మిరపకాయ చీలికలను మీగడలో మగ్గించిన ‘రాహాస్ కోన్ క్రేమా’, గుమ్మడి పువ్వు కూరి మడిచి కాల్చిన తోర్తీయా, అంటే కెసదీయా, మొక్కజొన్న కంకి మీద పుట్టే నల్లటి శిలీంధ్రం వీట్లకోచే (పేరు విని వెనుకంజ వేయవద్దు, పుట్టగొడుగు లాంటిదే), కాల్చిన నోపాల్. నోపాల్ అంటే నాగజెముడు మట్ట. ముళ్లు చెక్కి పెనం మీద వేస్తారు, బెండకాయ జిగురు, చింతచిగురు పులుపు కలిసినట్టు ఉంటుంది. మా అమ్మ మొదటి ముక్క తిని ‘కంచె తింటున్నామన్నమాట’ అంది, తరువాత మూడు రోజులూ అదే అడిగింది.

ఈ ఆంక్షలన్నీ ఒక కాగితం మీద స్పానిష్‌లో రాసి వంటగదిలోకి పంపండి. వెయిటరుకు చెప్పింది వంటమనిషి దాకా చేరేసరికి సగమవుతుంది.

ఉప్పుచేప_పప్పుచారు
మామగారి కోసం చిన్న పదకోశం. ‘రెస్’ అంటే గొడ్డు మాంసం, ‘పోయో’ కోడి, ‘చీవో’ మేక, ‘పుయెర్కో’ లేదా ‘సెర్దో’ పంది. పాస్టోర్ పంది, సువదెరో గొడ్డుది, కార్నే అసాదా కూడా గొడ్డుదే. బిర్రియా మొదట మేక మాంసంతోనే చేసేవారు, ఇప్పుడు చాలా దుకాణాల్లో రెస్‌తో చేస్తున్నారు కాబట్టి కూర్చోకముందే ‘దె చీవో ఓ దె రెస్’ అని అడగాలి. చీవో అన్నారంటే మామగారిని అక్కడినుంచి లేపడం కష్టం.

హ్యూస్టన్_చిన్నమ్మ
కడుపు సంగతి కూడా చెప్పండి. మా బాబు వీధి టాకో తిని రెండు రోజులు మంచం దిగలేదు.

మాటవరసకి
చిన్నమ్మ గారు, మీ బాబు ఆ రోజు అది కాక ఇంకేమీ తినలేదా?

హ్యూస్టన్_చిన్నమ్మ
పొద్దున రిసార్టులో బఫే తిన్నాడు, ఈత కొలనులో నీళ్లు మింగాడు, మామిడికాయ ముక్కలు కూడా తిన్నాడు. నింద మాత్రం టాకో మీదే వేశాము.

గ్వాదలహారా_గోంగూర
నిజంగా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మాంసం కోసే మనిషి డబ్బు ముట్టుకోకూడదు. మంచి బండి దగ్గర డబ్బుకు వేరే మనిషి ఉంటారు, లేదా చేతికి సంచి తొడుక్కుని నోటు అందుకుంటారు. ప్లేటుకు పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి దానిమీద టాకోలు పెట్టి ఇస్తారు, మీరు తిన్నాక ఆ సంచి తీసి పారేసి కొత్తది తొడుగుతారు, చూడడానికి వింతగా ఉన్నా కడగని ప్లేటు కన్నా నయం. మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం లాంటి మంచుగడ్డలు శుద్ధి చేసిన నీటితో కర్మాగారంలో చేసినవి. ఉల్లి, కొత్తిమీర, నిమ్మచెక్కలు ఎండిపోకుండా ఉన్నాయంటే అక్కడ అమ్మకం జోరుగా ఉన్నట్టే. డబ్బు ముందు అడగరు, తిన్నాక ఎన్ని తిన్నారో మీరే లెక్క చెప్పాలి.

ఎండుమిర్చి
తాగే వాటిని మరిచిపోకండి. మలెకోన్ మీద పెద్ద సొరకాయ బుర్ర భుజాన వేసుకుని ‘తూబా’ అమ్మేవాళ్లు తిరుగుతారు. అది కొబ్బరి చెట్టు గీసి తీసిన నీరా. మనీలా నౌకల్లో వచ్చిన ఫిలిప్పీన్స్‌వాళ్లు ఆ విద్యను ఈ తీరానికి తెచ్చారు. పైన ఆపిల్ ముక్కలు, గింజపప్పులు వేసి ఇస్తారు. మా తాతగారు చూసి ఉంటే ఆపిల్ వేసినందుకు కేసు పెట్టేవారు. ఫోండాల్లో భోజనంతో వచ్చే పానీయాల్లో ‘తమరీందో’ అంటే మన చింతపండే, ‘హమైకా’ అంటే గోంగూర చెట్టు పువ్వు కింద ఉండే ఎర్రటి రేకుల నీళ్లు. రెండూ పంచదారతో ఇస్తారు కాబట్టి మొదటి గుక్కకు మనవాళ్లు గుర్తుపట్టరు.

కొత్తావకాయ
అక్కడ మంచి ఇండియన్ హోటలు కూడా ఒకటి చెబుతారా?

బీచ్‌రోడ్డు_బాబాయి
అబనేరో తిన్న నోటితో అడగవలసిన ప్రశ్న కాదు అది.

ఫ్రిస్కో_వేపచెట్టు
డిసెంబరు ప్రయాణం అయింది, తిరిగి వచ్చి వారమైంది. జరిగినది జరిగినట్టు చెబుతాను.

మొదటి రోజు పొద్దున తొమ్మిదింటికి సింకో దె దిసియెంబ్రే పేటలో బిర్రియా దుకాణానికి వెళ్లి ‘దె చీవో ఓ దె రెస్’ అన్నాను. రెస్ అన్నారు, దండం పెట్టి బయటికి వచ్చాము. రెండు వీధుల అవతల ఇంకొక దుకాణంలో చీవో అన్నారు. మట్టి గిన్నెలో ముక్కలు, పక్కన చిన్న గ్లాసులో ఎర్రటి చారు, దానిమీద ఉల్లిముక్కలు. మామగారు చారును ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, ‘ఇందులో లవంగం ఉంది’ అన్నారు. ఆ తరువాత నాలుగు రోజులూ ఎనిమిదింటికే స్నానం చేసి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

చేప విషయంలో చిన్నమ్మ గారిని తలుచుకున్నాను. నిలువునా చీల్చి, మిరప ముద్ద పూసి, ఇనుప జాలీలో బిగించి నిప్పుల మీద కాల్చే సరందెయాదో అడిగి, ముందే తూకం వేయించాను. కిలో నాలుగు వందల గ్రాములు వచ్చింది, ధర కాగితం మీద రాయించాను. మధ్యాహ్నం రెండున్నరకు మా బల్ల తప్ప మిగతావన్నీ తాతలతో, పసిపిల్లలతో ఉన్న మెక్సికో కుటుంబాలవే.

అత్తగారి విషయంలో మొదటి రెండు రోజులు నేను ఓడిపోయాను. కాగితం చూపించిన ఒక ఫోండాలో వంటావిడ చదివి, తల అడ్డంగా ఊపి, అన్నం వైపు, చిక్కుడు వైపు వేలు చూపించి రెండూ కుదరవంది. అబద్ధం చెప్పనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు, ఆ పూట ఆవిడ ఉప్పు చల్లిన తోర్తీయాలు, అవకాడో తిన్నారు. మూడో రోజు పితియాల్ వెళ్లాము. చౌరస్తా నుంచి రెండో వీధిలో నాలుగు బల్లల ఫోండా, ప్లాస్టిక్ గుడ్డ పరిచిన బల్లలు, గోడమీద తెల్ల బోర్డు మీద ఆ రోజు కూరలు చేత్తో రాసి ఉన్నాయి. కాగితం చదివిన ఆవిడ ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి, వేరే చిన్న పెనం పెట్టి, నోపాల్ ముక్కలు, ఉల్లిపాయ, టమాటా నూనెలో వేసి తెచ్చింది. వేరే పెనం పెట్టమని మేము అడగలేదు. పక్కనే జాడీలో ఎర్రటి నీళ్లు. అత్తగారు తాగి, గ్లాసు అడుగున మిగిలిన ఎర్రటి రేకు ఒకటి వేళ్లతో తీసి నమిలి, ‘ఇది పుంటికూర పువ్వే’ అన్నారు. ఫోండా ఆవిడ లోపలినుంచి ఎండు రేకుల డబ్బా తెచ్చి మూత తీసి చూపించింది. ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరూ ఆ డబ్బా మీద వంగి పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

మరునాడు మళ్లీ వెళ్తే మూసి ఉంది. సోమవారం అని మేము చూసుకోలేదు.

సగం_శాకాహారి
వేరే పెనం పెట్టిన ఆ ఫోండా పేరు చెప్పండి, ఫిబ్రవరిలో మా అమ్మను తీసుకెళ్తున్నాను.

ఫ్రిస్కో_వేపచెట్టు
బోర్డు లేదు. ఎదురుగా తోర్తీయాలు చేసే మర ఉంది, ఆ చప్పుడు వినబడితే మీరు సరైన చోటే ఉన్నట్టు. మధ్యాహ్నం రెండు లోపు వెళ్లండి, నోపాల్ అయిపోతుంది.

గ్వాదలహారా_గోంగూర
ఆ రేకులు కొన్ని తెచ్చుకోలేకపోయారా?

ఫ్రిస్కో_వేపచెట్టు
తేవలసిన పని లేకపోయింది. డల్లాస్‌లో మేము పదేళ్లుగా కొత్తిమీర కొనే మెక్సికన్ కొట్టులోనే హమైకా సంచులకు సంచులు పోసి ఉంది, దాని పక్కనుంచే నడిచి వెళ్లేవాళ్లం. అత్తగారు నిన్న అర కిలో తెప్పించి, నానబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పచ్చడి నూరారు. పులుపు సరిగ్గా కుదిరింది, ఉప్పు ఒక్కటి కాస్త ఎక్కువైంది.